లారా టర్బో ఇంజిన్: కట్టించే ముందు మూడో పిస్టన్ ఎందుకు విరిగిందో తేల్చుకో

తమ్ముడూ, నువ్వు చెప్పిన సంగతి మొత్తం కలిపితే ఇదీ. 2011 స్కోడా లారా 1.8 టీఎస్ఐ (టర్బో పెట్రోల్), మాన్యువల్ గేరు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు. కొన్నప్పటి నుంచే ఆయిల్ తాగుతోంది. రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించిన నాలుగు నెలలకు గుంటూరు నుంచి విజయవాడ వస్తుంటే మూడో సిలిండర్ పోయింది. కంప్రెషన్ సున్నా. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ "బోరు కొట్టించి పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి 85 వేలకు కట్టిస్తా" అన్నాడు. నీకేమో, ఎలాగూ ఇంజిన్ దింపుతున్నాం కదా, ఫోర్జ్‌డ్ పిస్టన్లు (లోహాన్ని నొక్కి చేసిన గట్టి రకం), పెద్ద టర్బో వేసి 280 హార్స్‌పవర్ తీద్దామని ఉంది. రోజూ తిరగాలి, దారిలో నిలబెట్టకూడదు. చేతిలో మూడు లక్షలున్నాయి.

నేను జవహర్ ఆటోనగర్‌లో 24 ఏళ్లుగా ఇంజిన్లు కడుతున్నాను. మొదటి పదేళ్లు లారీలవి, తర్వాత కార్లవి. కాబట్టి ఏ పిస్టన్ కంపెనీ మంచిదన్న నీ ప్రశ్నకి ఇప్పుడే జవాబు చెప్పను. పాతది ఎందుకు విరిగిందో తెలియకుండా కొత్తది వేస్తే, అదీ అలాగే విరుగుతుంది. ఫోర్జ్‌డ్ అయితే ఇంకాస్త ఆలస్యంగా, ఇంకాస్త ఖరీదుగా విరుగుతుంది.

ఇంజిన్ విప్పకముందే లీక్‌డౌన్ టెస్ట్ చేయించు. మూడో పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పట్టి చెవి పెట్టి వినాలి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్. ఆయిల్ పోసే మూతలోంచి వస్తే పిస్టన్ గానీ రింగులు గానీ. రేడియేటర్ నీళ్లలో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా హెడ్ పగులు. పది నిమిషాల పని.

తర్వాత హెడ్ ఎత్తి పిస్టన్ బయటికి తీసినప్పుడు నువ్వు పక్కనే ఉండు. ఆ ముక్కలే సాక్ష్యం. రింగు గాడి అంచు విరిగి ఉంటుందని నా అంచనా. అది విరగడానికి మామూలుగా మూడు దారులున్నాయి, మూడూ మూడు రకాల గుర్తులు వదులుతాయి.

టాప్ రింగు రెండు కొసలూ చూడు. అద్దంలా మెరుస్తుంటే, వేడికి రింగు సాగి కొసలు ఒకదానికొకటి తగిలాయన్నమాట. రింగుకి సాగే చోటు లేక గాడిని విరిచింది. అది గ్యాప్ చాలకపోవడం. కొసలు మామూలుగానే ఉండి, పిస్టన్ తల అంచున ఇసుకతో కొట్టినట్టు సన్నటి గుంటలు, ప్లగ్ తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు, రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపేది) పై బేరింగు నలిగినట్టు ఉంటే అది నాకింగ్, అంటే పెట్రోల్ సక్రమంగా మండకుండా పేలినట్టు మండటం. చాలాసేపు కొట్టుకుంది, ఎవరూ వినలేదు.

మూడోది ఇంకోటుంది. పిస్టన్ తల శుభ్రంగా ఉంటుంది, గుంటలుండవు, గాడి మాత్రం సుత్తితో కొట్టినట్టు ఒక్కసారిగా విరిగి ఉంటుంది. తక్కువ ఆర్‌పీఎంలో, ఎక్కువ బూస్ట్‌లో (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), ప్లగ్ స్పార్క్ ఇవ్వకముందే మంట అంటుకోవడం వల్ల జరిగేది ఇది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో తెలిసిన జబ్బే. సిలిండర్ గోడ మీది ఆయిల్ పెట్రోలుతో కలిసి, చుక్కగా లోపలికి ఎగిరి, ముందే మండుతుంది. ఇప్పుడు గుర్తు తెచ్చుకో. ఆ రోజు కాజ టోల్‌గేటు దాటాక ఆరో గేరులోనే 60, 70 మీద ఉండి, ముందున్న లారీని దాటడానికి గేరు తగ్గించకుండా ఫుల్లుగా తొక్కావా? అవునంటే నా అనుమానం దీని మీదే. ఆయిల్ తాగే ఇంజిన్‌లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. తక్కువ ఆర్‌పీఎం నుంచే టార్క్ (తిప్పే బలం) కుమ్మేసే రీమ్యాప్ దానికి తోడైంది. అందరూ రీమ్యాప్‌ని తిడతారు గానీ, పునాది అంతకుముందే కదిలి ఉంది.

ఆయిల్ ఎటు పోతోందో కూడా ఇప్పుడే తేలాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో వచ్చే ఈ తరం ఈఏ888 ఇంజిన్‌లో ఆయిల్ రింగు సన్నం, దాని వెనక ఆయిల్ దిగే రంధ్రాలూ చిన్నవే. కార్బన్ పట్టి అవి మూసుకుపోతే ఆయిల్ తాగుతుందన్నది ప్రపంచమంతా తెలిసిన విషయం. కానీ పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి పంపేది) పొర చినిగినా, వాల్వ్ సీళ్లు గట్టిపడినా, టర్బో షాఫ్ట్ సీలు కారినా ఆయిల్ పోతుంది. రింగులు మార్చి పీసీవీ వదిలేస్తే నీ 85 వేలూ కృష్ణలో కలిసినట్టే.

ఇక 280 సంగతి. హార్స్‌పవర్ కోసం కొట్టుకోకు, టార్క్ చూడు. లెక్క తేలికే. న్యూటన్ మీటర్లని ఆర్‌పీఎంతో గుణించి 7120తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. అదే 280ని 6000 దగ్గర తీస్తే టార్క్ సుమారు 330. 4500 దగ్గర తీయాలంటే 443. రాడ్లని వంచేది, క్లచ్‌ని జార్చేది ఆ 443. అది కూడా 2500 ఆర్‌పీఎం దగ్గరే వచ్చి పడితే మరీ కష్టం. నీ కారు కంపెనీ నుంచి వచ్చినప్పుడు 160 పవర్, 250 టార్క్. దాని చిన్న టర్బోకి ఎక్కువ ఆర్‌పీఎంలో ఊపిరి చాలదు. అందుకే ట్యూనర్లు తక్కువ ఆర్‌పీఎంలో బూస్ట్ పెంచి "భలే లాగుతోంది" అనిపిస్తారు. ఆ లాగుడుకి మూల్యం రాడ్లు, పిస్టన్లు కడతాయి.

సక్రమంగా 280 కావాలంటే కె04 తరగతి పెద్ద టర్బో, హై ప్రెషర్ పెట్రోల్ పంపు, పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది), డౌన్‌పైప్ (టర్బో తర్వాతి పొగ గొట్టం), క్లచ్, రాడ్లు, పిస్టన్లు, వీటన్నిటికీ తగ్గ ట్యూనింగ్ కావాలి. మూడు లక్షలకు అది కాదు. లాగి పీకి చేస్తే దేంట్లోనో ఒకదాంట్లో కక్కుర్తి పడతాం, సరిగ్గా అక్కడే పోతుంది. నా మాట వింటే పాత టర్బోనే ఉంచి 210, 220 దగ్గర ఆగు. టార్క్ 320 దాటనివ్వకు, అదీ 3000 ఆర్‌పీఎం తర్వాతే రానివ్వు. ఆ మాత్రానికి కంపెనీ రాడ్లు చాలు. పిస్టన్లు కూడా ఫోర్జ్‌డ్ అక్కర్లేదు. ఆయిల్ రింగు మెరుగుపరిచిన మంచి క్యాస్ట్ (అచ్చు పోసిన) పిస్టన్లు చాలు. రోజూ తిరిగే బండికి గట్టి 2618 రకం అల్యూమినియం ఫోర్జ్‌డ్ పిస్టన్ వేస్తే పొద్దున్నే స్టార్ట్ చేయగానే టకటకమంటుంది, సిలిండర్ గోడతో సందు ఎక్కువ పెట్టాలి కాబట్టి ఆయిల్ కూడా కాస్త తాగుతుంది. ఆయిల్ తాగుతోందని ఇంజిన్ విప్పి, మళ్లీ ఆయిల్ తాగే ఇంజిన్ కట్టుకోవడం ఏం తెలివి? అయితే ఏ సెట్ కొన్నా ముందు పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్ను మందం కొలిపించు. అది తేడా వస్తే రాడ్లూ మార్చాలి.

ఇప్పుడు లేత్ షాపు. ఇంజిన్ బతికేదీ చచ్చేదీ ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

మన ఆటోనగర్‌లో చేయి తిరిగిన పనివాళ్లకి కొదవ లేదు. లారీ బ్లాకు బోరు కళ్లు మూసుకుని కొట్టగలరు. కానీ లారీ ఇంజిన్‌లో చెల్లిపోయే తేడా ఇక్కడ చెల్లదు. నీ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 82.5 మి.మీ. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. కొత్త పిస్టన్లు చేతికి రాకుండా బోరు కొట్టనివ్వకు. నాలుగు పిస్టన్లనీ మైక్రోమీటర్‌తో విడివిడిగా కొలిచి, పెట్టె మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు రాసి, ఏ పిస్టన్‌కి ఆ బోరు సరిచేయాలి. సందు ఎంతో పిస్టన్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది. అదే ప్రమాణం, నా మాట కూడా కాదు.

మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆ కాగితంలోని కొలతలు 20 డిగ్రీల దగ్గరివి. మే నెలలో రేకుల షెడ్డులో మధ్యాహ్నం 42 డిగ్రీలుంటుంది. అల్యూమినియం పిస్టన్ ఇనుప బ్లాకు కంటే ఇంచుమించు రెట్టింపు సాగుతుంది. లెక్కేస్తే 82.5 బోరులో సందు దాదాపు 0.02 మి.మీ. తక్కువ చూపిస్తుంది. మధ్యాహ్నం కొలిచి సరిపెట్టిన సందు నిజానికి అంత వదులైనట్టు. అందుకే నేను బ్లాకు, పిస్టన్లు, మైక్రోమీటర్, బోర్ గేజ్ అన్నీ రాత్రి ఏసీ గదిలో పెట్టించి, పొద్దున్నే అక్కడే కొలుస్తాను. మొదట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు "అన్నా, మా బ్లాకు కూడా ఓ రాత్రి పెట్టుకో" అంటున్నారు.

బోరు గోడని రాయితో అరగదీసే హోనింగ్ చేసేటప్పుడు టార్క్ ప్లేట్ అడుగు. హెడ్ బోల్టులు బిగించగానే బోరు కొద్దిగా ఆకారం మారుతుంది. కాబట్టి హెడ్ బదులు మందపాటి ఇనుప ప్లేటు పెట్టి, అదే బిగింపుతో బిగించి హోన్ చేయాలి. షాపులో లేకపోతే మందపాటి ప్లేటుతో చేయించుకోవచ్చు, పని మనకి తెలిసిందే.

హోనింగ్ అయ్యాక కుర్రాళ్లు డీజిల్‌తో కడిగి, బనియన్ గుడ్డతో తుడిచి "అయిపోయిందన్నా" అంటారు. అవలేదు. హోనింగ్ రాయి నుంచి రాలిన పొడి ఆ గీతల్లోనే కూర్చుంటుంది, డీజిల్‌కి అది రాదు. వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్షు తీసుకుని ఇంట్లో గిన్నెలు తోమినట్టు తోమాలి. ఆరబెట్టి, తెల్ల గుడ్డకి ఇంజిన్ ఆయిల్ తడిపి బోరు తుడువు. గుడ్డ మీద బూడిద రంగు కనిపిస్తే మళ్లీ సబ్బు నీళ్లు. నేను ఒక్కో బ్లాకుని నాలుగుసార్లు కడిగిన రోజులున్నాయి. గుడ్డ తెల్లగా వచ్చిన వెంటనే ఆయిల్ రాసెయ్యి, లేకపోతే మన తేమకి గంటలో తుప్పు పడుతుంది.

రింగు గ్యాప్ దగ్గర నా తప్పొకటి చెప్తాను. కార్ల పనిలోకి వచ్చిన కొత్తలో ఒక టర్బో కారు కట్టాను. రింగులు పెట్టెలోంచి తీసి నేరుగా వేసేశాను, కొత్తవే కదా అని. పెళ్లి ప్రయాణం ఉందని కారు యజమాని తొందరపెట్టాడు, నేనూ తలూపాను. మంగళగిరి దాటాక వెనక నీలం పొగ. విప్పి చూస్తే రింగు కొసలు తళతళ మెరుస్తున్నాయి. నీకు పైన అద్దంలా అని రాసింది పుస్తకంలో చదివింది కాదు. నా డబ్బుతోనే మళ్లీ కట్టిచ్చాను.

రింగుని బోరులో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా ఓ అంగుళం కిందికి నెట్టి, ఫీలర్ గేజ్‌తో కొలవాలి. వీధిలో తిరిగే టర్బో బండికి టాప్ రింగు గ్యాప్ బోరు అంగుళానికి ఐదు నుంచి ఆరు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). నీ బోరుకి 0.41 నుంచి 0.50 మి.మీ. వస్తుంది. పిస్టన్ కంపెనీ వేరే కొలత ఇస్తే దాన్నే పాటించు. రెండో రింగు గ్యాప్ టాప్ కంటే కొంచెం ఎక్కువే ఉండాలి. ఒక కొసనే అరగదీయాలి, బయటి నుంచి లోపలికి, తర్వాత పదును తీసెయ్యాలి. గ్యాప్ కాస్త ఎక్కువైతే పిసరంత పవర్ పోతుంది, తక్కువైతే ఇంజినే పోతుంది.

బేరింగుల సందు జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) అంగుళానికి సుమారు ఒక థౌ అన్నది పాత లెక్క. 48 మి.మీ. జర్నల్‌కి 0.05 దగ్గర. కంపెనీ పుస్తకంలోని హద్దులు దాటకుండా చూసుకో. రాడ్ క్యాపులు కలిసిపోనివ్వకు. ఈ రాడ్లని పగలగొట్టి రెండు ముక్కలు చేస్తారు, ఆ పగులు అతుకు దాని జతకే సరిపోతుంది. అంబాసిడర్ రోజుల్లోలా క్యాపు అంచు ఆకురాయితో రుద్ది సర్దే పని ఇక్కడ కుదరదు. హెడ్ బోల్టులు, రాడ్ బోల్టులు కొత్తవి వేయాల్సిందే. అవి ఒకసారి సాగి బిగుసుకునే రకం. "బాగానే ఉన్నాయిగా" అన్నవాడి దగ్గర ఇంజిన్ కట్టించకు.

హెడ్ దించినప్పుడే ఇన్‌టేక్ వాల్వ్‌ల కార్బన్ తీయించు. డైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి వాటిని పెట్రోల్ కడగదు, మసి గడ్డ కట్టి ఉంటుంది. టైమింగ్ చైన్, గైడ్లు, టెన్షనర్ కొత్తవే. టెన్షనర్ మార్చిన డిజైన్‌ది అడుగు. ఆయిల్ పికప్ జల్లెడ విప్పి వెలుతురులో పెట్టి చూడు.

దాదాపు అందరూ మర్చిపోయేది ఇంకోటి. విరిగిన పిస్టన్ ముక్కలు ఎక్కడికి పోయాయి? కొన్ని ఎగ్జాస్ట్ దారిలో టర్బోలోకి పోయాయి, టర్బైన్ రెక్కల అంచులు వేలితో తడిమి చూడు. సన్నటి పొడి ఆయిల్‌లో కలిసి ఆయిల్ కూలర్‌లోకి పోయింది. దాన్ని ఎంత కడిగినా పూర్తిగా శుభ్రం కాదు, కొత్తది వెయ్యి. ఇంటర్‌కూలర్‌లో పాత ఆయిల్ మడుగు కట్టి ఉంటుంది. కడగకుండా బిగిస్తే బూస్ట్ పెరిగినప్పుడల్లా ఆ ఆయిల్ కొత్త సిలిండర్లలోకే వస్తుంది. మళ్లీ ముందే మండటం, మళ్లీ అదే మూడో పిస్టన్. టర్బోకి ఆయిల్ వెళ్లే సన్నటి పైపు లోపల మాడిపోయి ఉంటుంది, అదీ మార్చు.

ట్యూనింగ్ బెంగళూరులో చేయిస్తానన్నావు. మంచి ట్యూనర్ అయితే చేయించు, కానీ ఆ మ్యాప్‌తోనే వేసవిలో ఇక్కడ తిరగకు. ఆ ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తు, గాలి పలచన, చల్లన. ఇక్కడ రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. ఒక బార్ బూస్ట్‌కి, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుంటే, 25 డిగ్రీల గాలి నొక్కుకుని సుమారు 118 డిగ్రీలకు వెళ్తుంది. 45 డిగ్రీల గాలి 145కి వెళ్తుంది. ఇంటర్‌కూలర్‌కి తగిలే గాలి కూడా అదే 45 కదా. అందుకే పవర్ కోసం కాకపోయినా పెద్ద ఇంటర్‌కూలర్ వేయించమంటాను. డబ్బు మిగిలితే ముందు దానికే. ఇన్‌టేక్ వేడి పెరిగితే స్పార్క్ టైమింగ్, బూస్ట్ తగ్గేలా మ్యాప్‌లో రాయించు. మేలో మధ్యాహ్నం రెండింటికి హైవే మీద లాగ్ (ఇంజిన్ కంప్యూటర్ రికార్డు) తీసి పంపి, నాక్ కరెక్షన్, అంటే నాకింగ్ ఆపడానికి కంప్యూటర్ స్పార్క్‌ని వెనక్కి జరపడం, ఎంతొస్తోందో చూసి సరిచేయమను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. వట్టి పెట్రోల్‌కి గాలి 14.7 పాళ్లు కావాలి, దీనికి 13.5 దగ్గర. అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ పోయాలి. పైన ఫుల్ బూస్ట్‌లో హై ప్రెషర్ పంపు అందించగలుగుతోందా అన్నది లాగ్‌లో చూడమను. 2011 బండి కాబట్టి రబ్బరు పెట్రోల్ పైపులు కూడా ఓసారి మార్చేయ్.

ఆయిల్ 5డబ్ల్యూ-40, ఫోక్స్‌వ్యాగన్ 502.00 అనుమతి ఉన్నది, అందులోనూ ఏపీఐ ఎస్పీ గ్రేడ్‌ది చూసుకో. ఆ ముందే మండే జబ్బుని దృష్టిలో పెట్టుకుని పరీక్షించే గ్రేడ్ అది. ఐదు వేలకోసారి మార్చు.

మొదటి స్టార్ట్‌కి ముందు ప్లగ్‌లు తీసి, ఇంజెక్టర్లు ఆపి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ తిప్పాలి. స్టార్ట్ అయ్యాక గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచకు. రింగులు కూర్చోవడానికి లోడ్ కావాలి. లీకులు లేవని చూసుకుని హైవే మీదికి తీసుకెళ్లు. మూడో గేరు, నాలుగో గేరులో 2000 నుంచి 4000 దాకా మోస్తరుగా లాగి, కాలు తీసేసి దానంతట అదే తగ్గనివ్వు. మళ్లీ లాగు. ఓ యాభై కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ దించెయ్. ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పట్టుకుని చూడు. మొదటిసారి సన్నటి బూడిద మెరుపు సహజం. అయస్కాంతానికి అంటుకోని రేకుల్లాంటి ముక్కలుంటే అవి బేరింగువో పిస్టన్‌వో, అక్కడితో ఆపి విప్పాలి. 500 దగ్గర మళ్లీ ఇదే పని.

నడిపేటప్పుడు ఆరో గేరులో 2000 కింద ఫుల్లుగా తొక్కొద్దు, గేరు దించు. ఇంటికొచ్చాక ఓ నిమిషం ఇంజిన్ ఊరికే తిరగనిచ్చి ఆపు. మన లారీ డ్రైవర్లు టర్బో అనే మాట కార్లవాళ్లు వినకముందు నుంచీ చేస్తున్న పనే ఇది.

పవర్ పెంచిన సంగతి ఇన్సూరెన్స్‌తో తేల్చుకో. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. బ్లాకే మార్చాల్సి వస్తే ఇంజిన్ నంబర్ ఆర్‌సీలో ఎక్కించాల్సిందే.

రేపు ఇంజిన్ విప్పుతున్నారన్నావు. మూడో పిస్టన్ ముక్కలు, టాప్ రింగు, నాలుగు ప్లగ్‌లు, రాడ్ బేరింగులు సిలిండర్ నంబర్ రాసి విడివిడి కవర్లలో పెట్టించు. కుర్రాళ్లు తుక్కు డబ్బాలో వేసేస్తారు, నువ్వే దగ్గరుండి తీసుకో. కడగనివ్వకు, మసి కూడా పనికొస్తుంది. రింగు కొసల్ని వెలుతురులో దగ్గరగా ఫోటో తీసి ఇక్కడ పెట్టు. అవి చూశాక ఏ పిస్టన్లు కొనాలో చెప్తాను.